రక్తంలో లేని పోలిక

ముత్యాలప్ప తన చెల్లెలికి కాలేయంలో ముక్క ఇచ్చిన సంగతి కదిరిలో తెలియనివాళ్లు లేరు. తెలియకుండా ఉండనిచ్చే మనిషి కాదు ముత్యాలప్ప. బోరు మోటార్లకు తీగ చుట్టే షాపు అతనిది. ఎవరు కాలిపోయిన మోటారు మోసుకొచ్చినా ముందు చొక్కా పైకెత్తి, కుడి డొక్కలో సూది గుచ్చిన మచ్చ చూపించి, ఆ తర్వాతే మోటారు వైపు చూసేవాడు. నిజానికి ఆ ముక్క బియ్యపు గింజంత. అతని మాటల్లో మాత్రం అది వారం వారం పెరిగి అరచేయంత అయింది.

చెల్లెలు హంపమ్మకు నలభై తొమ్మిదేళ్లు. మొగుడు పోయాక అన్న ఇంట్లోనే ఉంటూ ఇరవై ఆరేళ్లు వేరుశనగ మిల్లులో విత్తనాలు ఏరే పని చేసింది. ఆమె కాలేయంలో నిమ్మకాయంత గడ్డ కనిపించింది. చూస్తుండగానే బత్తాయంత అయింది. కోయడానికి వీల్లేని చోట ఉందన్నారు ఒకరు. కాలేయం మారిస్తే ఒళ్లు తట్టుకోదన్నారు ఇంకొకరు. తిరగాల్సిన చోట్లన్నీ తిరిగి, ఆఖరికి అన్నాచెల్లెళ్లు అనంతపురంలో కాలేయాల మీద పరిశోధన చేసే ఒక సంస్థకు వచ్చి పడ్డారు. అక్కడ కొత్త చికిత్స కనిపెట్టిన బృందానికి పెద్ద డాక్టర్ విశాలాక్షి.

ఆమె మొదటి రోజు చెప్పిన మాట ముత్యాలప్పకు వింతగా తోచింది. గడ్డను చంపదట. దానికి బుద్ధి చెబుతుందట.

“ఈ గడ్డలో ఉన్నవి పరాయి కణాలు కావు ముత్యాలప్పగారూ. అవీ కాలేయపు కణాలే. ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి. వాటిలో ఏది పనిచేయాలి, ఏది మూతపడి ఉండాలి అని చెప్పడానికి వాటి మీద చిన్న చిన్న గుర్తులుంటాయి. ఆ గుర్తులు తారుమారై, ‘ఇక పెరగొద్దు’ అని చెప్పే జన్యువు మూతపడిపోయింది. మేం జన్యువును ముట్టుకోం. గుర్తులు సరిచేస్తాం, అంతే.”

“దేన్ని సూసి సరిజేస్తారు?” అన్నాడు ముత్యాలప్ప వెంటనే. కాలిన మోటారు మళ్లీ చుట్టాలంటే అదే రకం మంచి మోటారు ఒకటి విప్పి, ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టుకోవాలి. ముప్పై ఏళ్లుగా అతను చేస్తున్న పని అదే.

విశాలాక్షి ముచ్చటపడింది. “పెద్ద పెద్ద చదువుల వాళ్లు కూడా ఈ ప్రశ్న చివర్లో అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్న ఇంకో కాలేయాన్ని చూసి. దాని గుర్తులన్నీ చదివి అచ్చు తీస్తాం. ఆ అచ్చును సన్నటి కొవ్వు బిందువుల్లో పెట్టి రక్తంలోకి ఎక్కిస్తాం. అవి నేరుగా కాలేయానికే పోతాయి.”

“ఆయమ్మ కాలేయంలోనే బాగుండే తావు సూసి తీసుకోగూడదా?”

“మిగతాది కూడా చెడటం మొదలైంది. దాన్ని చూసి రాస్తే తప్పునే మళ్లీ రాసినట్టవుతుంది.”

“ఇంగేం మేడమ్! ఒక తల్లి కడుపున పుట్టినోణ్ణి నేనుండా గదా!” అని అప్పుడే చొక్కా గుండీలు విప్పబోయాడు ముత్యాలప్ప.

ముందు కాగితాలు నింపాలన్నారు. తిండి గురించి, పని గురించి, అలవాట్ల గురించి నాలుగు పేజీల ప్రశ్నలు. హంపమ్మ మందుల మత్తులో ఉంది. ఆమె బదులు అన్నే నింపాడు. ఏం తింటారు? రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి, అన్నం. ఎక్కడ తింటారు? ఇంట్లోనే. ఉపవాసాలు ఉంటారా? లేదు. ఇంటివాళ్లు కాక ఇంకెవరితోనైనా రోజూ కలిసి తింటారా? ఇక్కడ ముత్యాలప్ప కలం కాసేపు ఆగింది. తర్వాత ‘లేదు’ అని రాసి, కింద సంతకం చేసి ఇచ్చేశాడు.

అచ్చు ఎక్కించారు. మూడు వారాల పాటు గడ్డ పెరగలేదు. అంచుల్లో కణాలు మళ్లీ పైత్యరసం తయారుచేయడం మొదలుపెట్టాయని విశాలాక్షి చెబితే, ముత్యాలప్ప షాపు మూసేసి వీధివీధీ తిరిగి చెప్పుకున్నాడు. హంపమ్మ లేచి కూర్చుని నిమ్మకాయ పులుసు అడిగింది. పాపం, ఆ సంతోషం అక్కడికే. నాలుగో వారం గడ్డ మళ్లీ పెరిగింది, ఈసారి ఇంకాస్త వేగంగా. ఇంకోసారి ఎక్కించినా అంతే. రెండు నెలలు ఇట్టే గడిచిపోయాయి.

ఆ తర్వాత ఒక బుధవారం పొద్దున విశాలాక్షి అతన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచింది. బల్ల మీద తెరలో రెండు చిత్రాలు పక్కపక్కన ఉన్నాయి. నిలువుగా సన్నటి గీతలు, వరసగా.

“కాలేయం మీద గుర్తులు ఏటికేడు ఒక పొరలా పడతాయి. మా యంత్రం వాటిని విడదీసి చదువుతుంది. ఇది మీ కాలేయం. ఇది మీ చెల్లెలిది. ఇక్కడ చూడండి. ఏటా ముప్పై రోజుల పాటు ఆమె కాలేయం తలకిందులుగా పనిచేసింది. పగలు చేయాల్సిన పని చీకటిపడ్డాక చేసింది. అలా ఇరవై మూడేళ్లు. మీలో అది లేదు. యంత్రం చెడిపోయిందనుకుని వారం రోజులు దాన్ని విప్పి బిగించాం.”

ముత్యాలప్ప తెర మీది గీతల వైపు వంగి చూశాడు.

“ఆ ముప్పై రోజులు ఏటేటా ఒకే కాలంలో రావడం లేదు. ప్రతి ఏడూ పదకొండు రోజులు ముందుకు జరుగుతున్నాయి. అలా జరిగేది నాకు తెలిసి ఒక్కటే ఉంది. మీరేమో ఉపవాసాలు లేవని రాశారు.”

ముత్యాలప్ప నుదురు తుడుచుకున్నాడు. ఇరవై మూడేళ్ల గుట్టు తన సంతకం కిందే బయటపడుతుందని అతను ఏనాడూ అనుకోలేదు.

“రంజాను మేడమ్,” అన్నాడు తలవంచుకుని. “మిల్లులో మాబున్ని అని ఒకాయమ్మ ఉండాది. ఇద్దరూ ఒగటే కుప్ప కాడ కూసోని ఏరుతారు. ఒగటే డబ్బా తెచ్చుకోని తింటారు. ఆయమ్మ రోజా, అదే ఒక్కపొద్దు, ఉంటే మాయమ్మి తినేది కాదు. అది కడుపు మాడ్సుకోని పక్కన కూసోనుంటే నేనెట్ల తినేదన్నా అనేది. తెల్లారకముందే లేసి సద్ది సంగటి తిని పనికి పోయేది. నేను ఎంత తిట్టినా వినేది కాదు.”

“మధ్యాహ్నం ఒకే డబ్బా. ఇంకా?”

“ఇంగేముండాది... ఇత్తనం చేదుగుండాదా బాగుండాదా అని పంటికింద కొరికి సూస్తారు. దినానికి ఎన్ని కొరుకుతారో. అది తిండి కాదు గదా మేడమ్, పని.”

విశాలాక్షి కళ్లు మూసుకుంది. తొక్క సులువుగా ఊడాలని కాయలు తడుపుతారు. తడిసిన కాయకు బూజు పడుతుంది. బూజు పట్టిన గింజే చేదు, ఆ బూజులోని విషం పోయి పట్టేది కాలేయాన్నే. చేదు గింజ ఏదో తెలుసుకోవడానికి ఆ ఆడవాళ్లు ఇరవై ఆరేళ్లు దాన్ని కొరుకుతూ వచ్చారు. నాలుగు పేజీల కాగితంలో పూటపూటా తినే తిండి గురించి అడిగారే గాని, పనిలో నోట్లో పడేదాని గురించి అడగాలని ఎవరికీ తట్టలేదు. ఆ తప్పు తనదేనని ఆమె పైకే అంది.

“కానీ ఈ మాబున్ని సంగతి అడిగాం కదండీ. ఎందుకు రాయలేదు?”

ఎందుకంటే, ఎనిమిది నెలల కిందట హంపమ్మ కళ్లు పచ్చబడ్డప్పుడు, ఎంగిలి తిని తిని కామెర్లు అంటుకున్నాయని వీధిలో ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని ముత్యాలప్ప మాబున్ని ఇంటి ముందుకు పోయి నిలబడ్డాడు. నా చెల్లెలికి రోగం అంటించినావు, ఇంకోసారి మా గడప తొక్కితే బాగుండదు అని నలుగురూ వినేలా అరిచాడు. తమ ఇంట్లో మిగిలిపోయిన ఆమె డబ్బాను డెట్టాలుతో కడిగించి, ఆమె వాకిట్లో పెట్టి వచ్చాడు. మాబున్ని నాలుగుసార్లు వచ్చి గేటు దగ్గర నిలబడి పోయింది. హంపమ్మ అడిగితే, ఆయమ్మ ఊర్లో లేదని చెప్పాడు. ఇదంతా అతను డాక్టరుకు చెప్పాడు. 

“ఈ ఒక్క ముక్క ముందే రాసుంటే మనకు రెండు నెలలు మిగిలేవి,” అంది విశాలాక్షి. ఆమె కోపం ఆమె గొంతులో కనిపించలేదు, తెరను ఆపేసిన తీరులో కనిపించింది. “గడ్డ పెద్ద రక్తనాళం వైపు పోతోంది. దాన్ని తాకిందంటే ఇక ఏ అచ్చూ పనిచేయదు. మహా అయితే పన్నెండు రోజులు. ఆమెను తీసుకురండి.”

“రక్తం పంచుకుని పుట్టినోణ్ణి నాది పనికి రాకుండా, ఆయమ్మది పనికొస్తాదా మేడమ్?” ఇంత జరిగాక కూడా అడగకుండా ఉండలేకపోయాడు.

“జన్యువులు పుట్టుకతో వస్తాయి. గుర్తులు బతుకు రాస్తుంది. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఏ దుమ్ము పీల్చారు. మీరిద్దరూ ఒకే కంపెనీ మోటార్లే. అంతవరకే.”

ముత్యాలప్పకు అంతకంటే చెప్పక్కర్లేదు. ఒకే రోజు తయారైన రెండు మోటార్లు ఒకటి మంచినీళ్ల బావిలో, ఒకటి ఉప్పునీళ్ల బోరులో దిగితే పదేళ్లకు దానికీ దీనికీ పోలిక ఉండదని రైతులకు రోజూ చెప్పేది అతనే.

మిల్లులో మధ్యాహ్నం అన్నాల వేళకు చేరుకున్నాడు. రేకుల షెడ్డులో ఇరవై మంది దాకా ఆడవాళ్లు డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. మాబున్ని ఒక్కతే స్తంభానికి ఆనుకుని తింటోంది. సన్నటి మనిషి, జుట్టంతా వేరుశనగ పొట్టు. ముత్యాలప్పను చూసి ముద్ద డబ్బాలోనే వదిలేసింది.

“హంపి బాగుండాదా?” అంది ముందు.

“మాబున్నీ, బయటికి ఒక్క నిమిషం రామ్మా. మాట్లాడల్ల.”

ఆమె కదల్లేదు. చావు కబురైతే ఇలా బయటికి రమ్మనడని, హంపమ్మ బతికే ఉందని ఆమెకు అర్థమైనట్టుంది, ముఖంలో భయం పోయి దాని వెనకాల ఉన్న కోపం పైకొచ్చింది.

“ఆపొద్దు వీధిలో నిలబడి అంటివి గదన్నా. మా కోడలు వినె, మా వియ్యంకులు వినిరి. ఇప్పుడు మాత్రం బయటికి ఏంటికి? ఈడ్నే చెప్పు.”

ఇరవై మంది ఆడవాళ్లు తినడం ఆపేశారు. ముత్యాలప్ప జీవితంలో అంతమంది ఆడవాళ్లు తననే చూస్తుండగా నిలబడింది లేదు. అందరి ముందే చెప్పాడు. తను అన్నది తప్పన్నాడు. కామెర్లు కాదన్నాడు. తన ముక్క పనికిరాలేదన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అలవాటు కొద్దీ చెయ్యి డొక్క మీదికి పోయింది. హంపమ్మ లోపల ఇరవై మూడు రంజాన్లు రాసి ఉన్నాయన్నాడు. అవి ఇంకెవరిలోనూ దొరకవన్నాడు.

 మాబున్ని డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

“బస్సు ఎన్ని గంటలకు?” అంది.

అనంతపురంలో ఆమె నుంచి గింజంత ముక్క తీయడం గంట పని. ఆ తర్వాత ఆమెను హంపమ్మ గదిలోకి పంపారు. ముత్యాలప్ప గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“ఏం మే, పసుపు కొమ్ము మాదిరి అయిపోతివి?” అంది మాబున్ని.

హంపమ్మ కళ్లు తెరిచి చాలాసేపు చూసింది. “ఊర్లో లేవంట గదా?”

మాబున్ని గుమ్మం వైపు ఒక్కసారి చూసింది. “ఆ, లేను. మా పెద్దమ్మి కాన్పుకు పోయింటి,” అంది. ఆమె పెద్ద కూతురికి పిల్లలు పుట్టి పదేళ్లు దాటిందని ఆ ముగ్గురికీ తెలుసు. హంపమ్మ ఇంకేం అడగలేదు. ముత్యాలప్పకు ఆ గోడలోకి దూరిపోతే బాగుండుననిపించింది.

అయిదో రోజుకు ఫలితం వచ్చింది. ఏదైనా బాగా లేకపోతే ముందు ఇచ్చినవాళ్లకే చెప్పాలన్నది ఆ సంస్థ పద్ధతి. చదువు రాదు, నువ్వూ ఉండన్నా అని మాబున్ని ముత్యాలప్పను పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఇంత దగ్గరగా కలిసిన అచ్చును నేను ఇప్పటిదాకా చూడలేదు,” అంది విశాలాక్షి. అని, ఆగింది. “కానీ మీరూ అదే కుప్ప దగ్గర కూర్చున్నారు. హంపమ్మ కాలేయంలో మొదట మూతపడిన జన్యువు ఉంది చూడండి, అది మీలో సగం మూతపడింది. గడ్డ లేదు. ఆరేడేళ్లకో ఎనిమిదేళ్లకో రావచ్చు. రాకపోనూ వచ్చు. ఆర్నెల్లకోసారి మిమ్మల్ని చూస్తూ ఉంటాం.”

మాబున్ని వింటూ బల్ల అంచును వేలితో రుద్దింది. “నాది సరేమ్మా. నా అచ్చు ఎక్కిస్తే హంపికీ ఇదే వస్తాదా?”

“గడ్డ అణిగిపోతుంది. కానీ ఆ సగం మూత కూడా అచ్చుతో పాటే ఆమెలోకి పోతుంది.”

“ఆ ఒక్కటి తీసేసి మిగతాది ఎక్కిస్తే?” అన్నాడు ముత్యాలప్ప. “ఆ ఒక్కటి నా దాంట్లోంచి తీసుకోండి మేడమ్, నాది బాగుండాది గదా!”

“ఎలుకల్లో అలా చేసి చూశాం. లక్షల గుర్తులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒక్కదాన్ని చేత్తో మారిస్తే పది రోజుల్లో అచ్చంతా విడిపోయింది. ఎలుకలు బతకలేదు. ఆ విద్య మాకింకా రాలేదు. ఎనిమిదేళ్లలో వస్తుందేమో, మాట ఇవ్వలేను.”

మాబున్ని లేచి నిలబడింది.

“అయితే వద్దు. నేను ఇయ్యను.”

ఆమె ఇష్టం లేకుండా అచ్చు వాడకూడదు. ఆ సంగతి చెప్పి విశాలాక్షి తల దించుకుంది. ఇంకా అయిదు రోజులే ఉన్నాయన్నది ఎవరూ అనలేదు. మాబున్ని గదిలోంచి వెళ్లిపోయింది.

ముత్యాలప్ప చెల్లెలి దగ్గరికి పోయాడు. ఈసారి ఏదీ దాచలేదు. సగం మూత గురించి, ఎనిమిదేళ్ల గురించి, మాబున్ని వద్దన్న సంగతి గురించి అంతా చెప్పాడు. హంపమ్మ వింటూ వింటూ కళ్లు పెద్దవి చేసింది.

“ఎనిమిదేండ్లా!” అంది. “నేను ఎనిమిది దినాలు అనుకుంటాంటి కదన్నా.”

మాబున్ని ఆస్పత్రి ముందున్న సిమెంటు బెంచీ మీద ఎండలో కూర్చుని ఉంది. కదిరి బస్సు ఎక్కడానికి ఆమెకు మనసొప్పలేదు, లోపలికి రావడానికీ ఒప్పలేదు. ముత్యాలప్ప బెంచీకి ఈ చివర కూర్చున్నాడు.

“నన్ను ఏమీ అడగొద్దన్నా,” అందామె అతని వైపు చూడకుండానే. “ఆపొద్దు నువ్వు రోగం అంటించినావంటే, అల్లా మీద ఆన పెట్టి నేను అట్లాదాన్ని కాదు అంటిని. రాత్రంతా ఏడిస్తిని. ఇప్పుడు తెలిసి తెలిసి నా చేత్తో అంటించల్లనా? దాని ఒంట్లోకి నా రోగం నేనే పంపల్లనా? నా వల్ల కాదు.”

చెల్లెలన్న మాట ముత్యాలప్ప చెప్పాడు. ఎనిమిది దినాలు అనుకుందన్న మాట. మాబున్ని తల అడ్డంగానే ఊపింది.

బస్సులు వచ్చాయి, పోయాయి. ముత్యాలప్పకు ఒకప్పుడు ఇదే మనిషి వాకిట్లో నిలబడి అరవడానికి ఎన్ని మాటలు దొరికాయో, ఇప్పుడు అన్నీ ఎటు పోయాయో తెలియలేదు. తన చెల్లెలు ఎవరి పక్కన కూర్చుని బతికిందో ఇరవై ఆరేళ్లలో తను ఒక్కసారీ చూడలేదని మాత్రం తెలిసింది. బెంచీ మీంచి లేచి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అది నీతో కూసోని ఏం తినిందో నాకు తెల్దు మాబున్నీ. మంచిదీ తినింటాది, చెడ్డదీ తినింటాది. నువ్వు పెట్టింది అది ఎప్పుడన్నా వద్దనిందా?”

“లేదు.”

“అయితే ఇది గూడా పెట్టు. నీ రోగముంటే ఆ రోగంతోనే పెట్టు. నేనే అడుగుతాండా. అంటించమ్మా. నా చెల్లెలికి అంటించు.”

రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూశారు. ముప్పై ఏళ్లుగా మోటార్లు మోసిన మనిషి చేతులు జోడించుకుని నిలబడి ఏడుస్తుంటే మాబున్ని చూడలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె కూడా ఏడ్చింది. ఏడ్చి, ముఖం తుడుచుకుని, మెట్లెక్కి తిన్నగా విశాలాక్షి గదిలోకి నడిచింది.

కాగితం మీద వేలిముద్ర వేసేముందు ఒక్కమాట అడిగింది.

“ఆర్నెల్లకోసారి నన్ను పిలుస్తామంటిరి గదమ్మా.”

“అవును.”

“దాన్నీ అదే దినం పిలవండి. మాది ఒగటే డబ్బా.”